ఖాళీ కుర్చీతో సిరిసిల్ల దాకా

జగిత్యాల వెళ్తున్నానంటే మా పెద్దక్క, "అక్కడ నీ కంప్యూటర్ గోల వినేదెవరే?" అంది. వినేవాళ్ళ మాట దేవుడెరుగు, చెప్పే ఓపిక నాకే అడుగంటింది. అయినా వెళ్ళాను. వెళ్ళొచ్చి మూడు వారాలు దాటింది. ఆ వైపు ధర్మపురి గోదావరి ఉంది, గుళ్ళున్నాయి, నేనేదీ సరిగ్గా చూడలేదు. కాబట్టి ఇది చదివి ఎవరూ టికెట్లు కొనుక్కోవద్దు. నేను చూసింది అయిదారుగురు మనుషుల్ని మాత్రమే.

ముందు నా గోలేమిటో చెప్పాలి. ఎనిమిదేళ్ళుగా నేను 'మూట' అనే సాఫ్ట్‌వేర్‌ను చూసుకుంటున్నాను. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల చూడొచ్చు, మార్చొచ్చు. ఇప్పుడు కంపెనీలు తమ ప్రోగ్రాములను కంటైనర్లనే డబ్బాల్లో సర్ది నడుపుతున్నాయి. ఏ డబ్బా ముందు తెరవాలి, దేనికి ఏది తోడుండాలి, పాతది తీసి కొత్తది పెట్టేటప్పుడు ఏది చెదరకూడదు, ఇదంతా ఒక్కచోట కట్టి ఇచ్చేది మూట. పెళ్ళికి వంటమేస్త్రి రాసిచ్చే సరుకుల చీటీ లాంటిదని మా అమ్మకు చెప్పాను. "జీతమెవరిస్తారు మరి?" అంది. ఎవరూ ఇవ్వరు. విశాఖలో ఉద్యోగానికి వెళ్ళే ముందు నాలుగింటికి లేచి ఈ చాకిరీ చేస్తాను.

అయిదేళ్ళపాటు ఇద్దరం చేశాం. రెండో మనిషి సిరిసిల్ల వెంకటేశం. ముఖం చూడలేదు, గొంతు వినలేదు, రాతల్లోనే పరిచయం. మూటను చూసుకునేవాళ్ళను కాపరులంటాం. ఒక సభ కోసం వీపు మీద 'కాపరి' అని అచ్చు వేయించిన టీషర్టులు రెండు కుట్టించాను. ఒకటి నాకు, ఒకటి ఆయనకు. కొరియర్ చేయడానికి చిరునామా అడిగితే, మరమగ్గాల షెడ్డులో పని అని అప్పుడు తెలిసింది.

ఏడాది కిందట కాపరుల జాబితా తెరిస్తే ఆయన పేరు లేదు. చెప్పాపెట్టకుండా పోయాడనుకున్నాను. మా ఇద్దరి చాట్ గదిలో 'ఏమైపోయారు?' అని రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. కొరియర్ చీటీ మీద ఫోన్ నంబరు ఉంది. చేయలేదు. పోయినవాడు చెప్పాలి గాని ఉన్నదాన్ని నేనెందుకు అడగాలని నాకు పట్టుదల.

ఆ కోపాన్ని వృథా పోనివ్వలేదు. నా ఉపన్యాసంలో తెర మీద మూడో బొమ్మగా ఒక ఖాళీ కుర్చీ పెట్టాను. "ఇది నా తోటి కాపరి కుర్చీ. ఒకరోజు లేచి వెళ్ళిపోయాడు. ఓపెన్ సోర్స్‌లో స్నేహాలు ఇలాగే ఉంటాయి" అనేదాన్ని. బెంగళూరులో నవ్వారు, పుణెలో ఇంకా నవ్వారు. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు, మూటను చూసుకోవడానికి తీరిక లేదు గాని మూట గురించి మాట్లాడటానికి ఊరూరా తిరిగాను. చివరికి, ఈ ప్రయాణంలో రెండో కాపరి దొరక్కపోతే మూటకు తాళం వేసేద్దామని నిశ్చయించుకుని జగిత్యాల బస్సెక్కాను.

జగిత్యాల

నన్ను పిలిచింది అజీమ్ గారు. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తారు. బస్టాండు నుంచి తిన్నగా ఇంటికి తీసుకెళ్ళి కిచిడీ పెట్టించారు. మా కాకినాడలో కిచిడీ అంటే జ్వరం తగిలినవాళ్ళ తిండి. "నాకు ఒంట్లో బాగానే ఉందండీ" అన్నాను. ఆయన భార్య నవ్వి, నువ్వులూ చింతపండూ కలిపిన ఖట్టా పోసి, పక్కన ఖీమా వడ్డించింది. మూడోసారి పెట్టించుకుని తిన్నాను. ఆ రోజు నాకు సుఖంగా జరిగింది అదొక్కటే.

హాలు కిటకిటలాడింది. హాజరు వేస్తామన్నారట. కంటైనర్ల గురించి, మూటల గురించి చెప్పాను, కుర్చీ బొమ్మ దగ్గర నవ్వారు. చివర్లో, "దీన్ని నాతోపాటు చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. ఒక్క చెయ్యి లేచింది.

"సర్టిఫికెట్ ఇస్తరా మేడం?"

ఇవ్వనన్నాను. చెయ్యి దిగిపోయింది. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పి, "మా పిల్లలను తయారు జేస్తం మేడం, సూద్దాం" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. బయటికొచ్చాక అజీమ్ గారితో ఆ మాటే అన్నాను.

"ఆశ పెట్టుకోకుండ్రి మేడం," అన్నారాయన. "మా దిక్కు మొఖం మీద కాదనుడు ఉండది. సూద్దాం అన్నరంటె గంతే ఇగ."

పది రూపాయల చాయ్ ఇద్దరం చెరి సగం చేసుకున్నాం. అక్కడ సగం చాయ్ అడగడం నామోషీ కాదు, రెండో గ్లాసు వాళ్ళే తెచ్చిస్తారు. ఆయన చాయ్ ఊదుకుంటూ, "ఇంకో మాట. గా సిరిసిల్ల ఆయన ముచ్చట జెప్పిన్రు కద, అందరు నవ్విన్రు. నాకు మాత్రం నవ్వు రాలె" అన్నారు.

"ఎందుకని?"

"అయిదేండ్లు పుకట్ల పని జేసినోడు ఉత్తగ పోడు మేడం. మీరు పోయి అడిగిన్రా?"

"నేనెందుకు అడగాలి?" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, చాయ్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వకుండా తనే ఇచ్చారు.

కోరుట్ల

మర్నాడు కోరుట్లలో ఒక డిగ్రీ కాలేజీ గది. వినడానికి పదకొండు మంది వచ్చారు, ఇద్దరు ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చినవాళ్ళు. రెండో బొమ్మ దగ్గర కరెంటు పోయింది. ఫ్యాను కింది ఇద్దరూ లేచి వెళ్ళారు. కుర్చీ బొమ్మ చూపించడానికి వీల్లేక నోటితో చెప్పాను. బొమ్మ లేకపోయేసరికి అది వట్టి చాడీలా వినిపించింది, నాకే.

వెనక వరసలో ముప్పై ఏళ్ళ అమ్మాయి లేచింది. పేరు స్రవంతి, ఇంటి నుంచే ఏదో కంపెనీ సర్వర్లు చూస్తుంది. ఆ పదకొండు మందిలో మూటను నిజంగా వాడుతున్నది తనొక్కతే.

"మేడం, కొత్త మూట ఎక్కియ్యంగనే పాత సెట్టింగులన్ని కొట్టుకపోతున్నయి కద. గది ఎప్పుడు బాగు జేస్తరు?"

ఏడాదిగా ప్రపంచం నలుమూలల నుంచీ నన్ను తిడుతున్నది దాని గురించే. "తెలుసమ్మా. చేసే మనిషి లేడు. ఇందాక చెప్పానుగా, వదిలేసి పోయాడు" అన్నాను.

"చేసి పెట్టిన్రు కద మేడం. మీ దాంట్లనే ఉన్నది. మూసేసిన్రు. నేను గదే తీస్కొని వాడుతున్న, మంచిగ పనిచేస్తంది."

గదిలో అందరూ నా వంక చూశారు. స్రవంతి ముందుకొచ్చి తన ఫోను చూపించింది. పద్నాలుగు నెలల కిందటి దిద్దుబాటు. పంపింది వెంకటేశం. కింద ఆయన రాసిన మాట: 'మేడం, ఒకసారి చూడండి.' రెండు వారాలకు మళ్ళీ, 'మేడం, వీలున్నప్పుడు.' ఆ కింద జవాబు: 'అరవై రోజులుగా ఎవరూ పట్టించుకోలేదు కనుక దీన్ని మూసివేస్తున్నాం.' ఆ జవాబిచ్చింది మనిషి కాదు. పేరుకుపోయిన పాత ఉత్తరాలను తుడిచేయడానికి నేను పెట్టుకున్న యంత్రం, దానంతట అదే జవాబులిచ్చే చిన్న ప్రోగ్రాము. ఆ రోజుల్లో నేను ఊళ్ళు తిరుగుతూ 'సాయం చేసేవాళ్ళను నిలుపుకోవడం ఎలా' అని ఉపన్యాసాలిస్తున్నాను.

స్రవంతి భోజనానికి ఇంటికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు, తంబాకు, దారం. మాతో మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళు ఆగలేదు. అన్నంలోకి పచ్చిపులుసు పోసింది. మా ఇంట్లో చింతపండు నీళ్ళు పొయ్యెక్కకుండా విస్తట్లోకి రావు. ఇక్కడ ఉల్లిపాయ పిసికి అలాగే పోస్తారు. బాగుంది, కానీ నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"ఏంది బిడ్డ, తింటలేవు?" అందావిడ. స్రవంతి సంగతి చెప్పింది.

ఆవిడ చేతిలోని బీడీకి దారం చుట్టి చాటలో వేసింది. "మా బీడీలు కార్ఖానల ఒకడు సూస్తడు. మంచిగ లేవంటె ఇరిచి పారేస్తడు. సూసి ఇరిస్తె బాధ లేదు బిడ్డ, మన చెయ్యి తప్పిందనుకుంటం. కొందరు సూడకుండనే ఇరుస్తరు. గప్పుడు కడుపు కాల్తది."

నన్ను అనాలని కాదు, తన పని గురించే అంది. సాయంత్రం అజీమ్ గారికి ఫోన్ చేసి, సిరిసిల్ల వెళ్తున్నానని చెప్పాను. "మంచిది మేడం" అన్నారు.

వేములవాడ మీదుగా

పొద్దున్నే వేములవాడలో బస్సు మారాను. గుండు చేయించుకున్న పిల్లలు, గుడి చుట్టూ కోడెను తిప్పే మొక్కు తీర్చుకుని వస్తున్న సంసారాలు, కొబ్బరి చిప్పల సంచులు. నా పక్క సీట్లో కోనరావుపేట పెద్దావిడ కూర్చుంది.

"ఏం మొక్కు బిడ్డ?"

"మొక్కేం లేదమ్మా. సిరిసిల్లలో ఒకాయన్ని కలవాలి. నా దగ్గర పని మానేశాడు, ఎందుకో అడగాలి."

"తప్పు ఆయనదా, నీదా?"

"నాదేమోనని భయంగా ఉంది."

"గట్లయితె ఒట్టి చేతులతోటి పోకు," అని రెండు కొబ్బరి చిప్పలు నా ఒళ్ళో పెట్టింది. ఒకదాంట్లో నీళ్ళు ఇంకా ఉన్నాయి. అవి సంచిలోకి దిగి ల్యాప్‌టాప్ తడిసింది. తెరిచి తుడిచాను. బస్సు దిగేలోగా మళ్ళీ వెలగలేదు. మామూలప్పుడైతే బస్సంతా వినేలా గోల చేసేదాన్ని. ఆ రోజు పోతే పోయిందనిపించింది.

సిరిసిల్ల

సిరిసిల్లలో వెంకటేశం ఉండే వీధిలో తలుపు తలుపు వెనకా సాంచాల చప్పుడే. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. మనుషులు గొంతు పెంచకుండా, పెదాలు చూసి మాట్లాడుకుంటారు. నేను చీటీలోని చిరునామా చూపిస్తే పెదాలతోనే దారి చెప్పారు.

వెంకటేశం భార్య లక్ష్మి తలుపు తీసింది. నా పేరు చెప్పగానే, "మూట మేడమా?" అని నన్ను లోపల కూర్చోబెట్టి, షెడ్డుకు పరుగెత్తింది. ఆయన దూది నలుసులు దులుపుకుంటూ వచ్చాడు. నలభై ఉంటాయేమో, సన్నగా, పొడుగ్గా. దండం పెట్టి, "ఇంత దూరం అచ్చిన్రా మేడం" అన్నాడు. ఆ గొంతులో కోపం కోసం వెతికాను. ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"ఎందుకు వెళ్ళిపోయారు?" అని అడిగేశాను.

ఆయన లక్ష్మి వంక చూశాడు. "నేను పోలె మేడం. మీరే తీసేసిన్రు కద."

"నేను తీయలేదు!"

ఫోనులో దాచుకున్న ఉత్తరం తీసి చూపించాడు. 'తొంభై రోజులుగా మీ పనేదీ మూటలో కలవలేదు. భద్రత కోసం మీ తాళాలు వెనక్కి తీసుకున్నాం. మీ సేవలకు ధన్యవాదాలు. ఇట్లు, మూట కాపరులు.' అదీ నేను పెట్టిన యంత్రమే. ఒకరి పనిని ఇంకొకరు చూశాకే కలపాలన్నది మా నియమం, యంత్రానికేమో కలిసిన పనే పని. కలపమని పంపి, ఆయన నా కోసం ఎదురుచూసిన రోజులన్నీ దాని లెక్కలో ఖాళీ రోజులు. తాళాలతోపాటు చాట్ గదిలోంచి కూడా తీసేసింది. నేను 'ఏమైపోయారు?' అని రాసింది ఎవరూ లేని గదిలో. నాకూ ఒక నకలు వచ్చే ఉంటుంది, నేను తెరవని ఉత్తరాల్లో.

"ఇది యంత్రం పంపింది వెంకటేశం గారూ, నేను కాదు."

"కింద కాపరులు అని ఉన్నది కద మేడం. కాపరులంటె మనమిద్దరమె. నేను పంపలె. గందుకె మీరే అనుకున్న."

"ఒక్క మాట అడగొచ్చు కదా! ఇన్నేళ్ళు కలిసి చేశాం."

ఆయన లేచి, "రాండ్రి మేడం, సూపెడ్త" అని షెడ్డుకు తీసుకెళ్ళాడు. చిట్టచివర ఒక సాంచ ఆగి ఉంది. దానికి బీము లేదు. బీమంటే నిలువు పోగులు చుట్టిన పెద్ద రోలు. ఆ పోగులు అయిపోయేదాకా నేయడం, అయిపోగానే ఆసామి, అంటే సాంచాల యజమాని, ఇంకో బీము ఎక్కించడం, అదీ అక్కడి పని.

"మా దగ్గర ఆసామి నువ్వు పో అని అనడు," అన్నాడు నా చెవి దగ్గరికొచ్చి. "బీము అయిపోయినంక కొత్తది ఎక్కియ్యడు. రెండు దినాలు సూస్తం. అప్పటికి ఎక్కియ్యలేదంటె మనం వద్దన్నట్టు. సప్పుడు జెయ్యక ఇంకో షెడ్డుకు పోతం. అడుగుడు ఉండది. అడిగితె ఆయనకు ఇజ్జత్ పాయె, మనకు పాయె. మీ ఇజ్జత్ ఎందుకు తియ్యాలె అనుకున్న."

నా పరువు కాపాడటానికి ఆయన ఊరుకున్నాడు. నేను ఆయన్ని ఊరూరా నవ్వులపాలు చేశాను. ఆ చప్పుడులో నేను ఏడ్చింది ఎవరికీ వినపడలేదు, కనపడిందేమో తెలియదు. ఖాళీ కుర్చీ సంగతి చెప్పేశాను. పుణెలో నవ్వారని కూడా చెప్పాను. ఆయన కొంచెంసేపు ఆ ఆగిన సాంచ మీది నలుసులు చేత్తో తుడిచాడు. "పోనియ్యిండ్రి మేడం. వాళ్ళకు నేనెవల్నో తెల్వది కద" అన్నాడు.

ఇంటికొచ్చాక లక్ష్మి చాయ్ ఇచ్చి, బీరువాలోంచి పాలిథీన్ కవరు తీసింది. అందులో టీషర్టు, మడత నలగకుండా. "దినాం ఏస్కునేటోడు అక్కా. గా మెయిలు అచ్చిన దినం ఉతికి లోపట పెట్టిండు. తీసేసినంక ఏస్కుంటె మంచిగుండదన్నడు. మీకే పంపుదామన్నడు, నేనే ఆపిన."

కొబ్బరి చిప్పలు ఆవిడ చేతిలో పెట్టాను. అంతకంటే ఏం ఇవ్వాలో తెలియలేదు. వెంకటేశం వైపు తిరిగి, మళ్ళీ రమ్మని అడిగాను. యంత్రం లేకుండా, నా నోటితో. ఆయన రాకపోతే మూట మూతపడుతుందని కూడా చెప్పాను.

"పొద్దుగాల షిఫ్టు ఒప్పుకున్న మేడం. గప్పుడు గా టైము ఖాళీ అయింది కద, నాలుగు సాంచాలు ఎక్కువ పట్టిన. మాట ఇచ్చిన. ల్యాప్‌టాప్ మా అక్క బిడ్డకు ఇచ్చిన, డిగ్రీ సదువుతంది."

"ఆదివారాలైనా సరే."

నా ఫోను తీసి అక్కడికక్కడే కాపరి ఆహ్వానం పంపాను. ఆయన జేబులో ఫోను మోగింది. చదువుకున్నాడు. "ఏడు దినాలల్ల ఒప్పుకోవాలట మేడం."

"అవును."

"సూస్త మేడం," అన్నాడు.

'సూద్దాం' అనే మాట గురించి అజీమ్ గారు చెప్పింది గుర్తొచ్చింది. వెంకటేశం నన్ను బస్టాండు దాకా సాగనంపాడు. సంచి తనే మోశాడు. షిఫ్టుకు ఆలస్యమైంది, ఆ మాట నాతో అనలేదు.

ఇంటికొచ్చాక

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఆ యంత్రాన్ని ఆపాను, ఒక్క మీట నొక్కితే ఆగింది. కొత్త ల్యాప్‌టాప్ కొని, వెంకటేశం దిద్దుబాటును ఒక పగలంతా కూర్చుని చదివాను. ఎక్కడా వేలు పెట్టనక్కరలేకపోయింది. దాన్ని కలిపి మూట కొత్త కూర్పు విడుదల చేశాను. అందులో ఉన్నది ఆ ఒక్క మార్పే. స్రవంతి 'థాంక్యూ మేడం' అని రాసింది, నేనేదో చేసినట్టు. పుణె వాళ్ళు మళ్ళీ పిలిచారు, ఆ కుర్చీ కథ తప్పకుండా చెప్పాలన్నారు. రానన్నాను.

ఆహ్వానాల గడువు మాత్రం మూటను ఉంచిన సైటు పెట్టింది, నా చేతిలో లేదు. మొదటిది ఏడు రోజులకు రద్దయింది. రెండోది పంపాను, అదీ రద్దయింది. ఈసారి ఫోన్ కూడా చేశాను. సాంచాల చప్పుడులోంచి, "సూస్తున్న మేడం, తిన్నరా?" అన్నాడు. తిన్నానన్నాను. ఆయనకు మాట ఇవ్వడం తెలుసు, కాదనడం తెలియదు. అలాంటి మనిషిని ఇంకోసారి అడగకూడదని తెలిసీ మూడోది పంపాను.

అది పంపి ఇవాళ్టికి ఆరు రోజులు. మూటకు తాళం వేస్తున్నామనే ప్రకటన రాసి పెట్టుకున్నాను, కాపరుల పేర్లలో ఆయనది ముందు, నాది తర్వాత. రేపు ఒప్పుకోకపోతే 'గడువు తీరింది' అని ఆ సైటు నుంచి ఆయనకు ఇంకో ఉత్తరం దానంతట అదే వెళ్తుంది. కింద ఎప్పటిలాగే మూట కాపరులు అని ఉంటుంది. కాపరులంటే ఇప్పుడు నేనొక్కదాన్నే.